మొలతాడు లేని పిల్ల

మాఘం, మొదటి సోమవారం

మా చెల్లెలి కొడుకు ధీరజ్ నిజంగానే నడక మరిచిపోయాడా, లేక మా ఇంట్లో ఎవరమూ వాణ్ణి నేల మీదికి దిగనివ్వలేదా? ఏళ్ళ తరబడి ఈ ప్రశ్న నన్ను వదల్లేదు. అడగడానికి మనిషి దొరక్క, ఇవాళ్టి నుంచి ఇక్కడ రాసుకుంటున్నాను.

వాడు పుట్టినప్పుడు బొడ్డుతాడులోని రక్తం తీసి చదివారు. "మూడో ఏట కాళ్ళలో సత్తువ తగ్గే సూచన" అని వాక్యం వచ్చింది. బారసాల రోజు మేనమామ హోదాలో మా తమ్ముడు ఆ వాక్యాన్ని పదిమంది ముందు పైకి చదివాడు. నల్ల మొలతాడు కట్టారు. ఆ రోజు నుంచి వాడు చంకల్లోనే పెరిగాడు. గచ్చు చల్లన అని ఒకరు, మెట్లు ఎత్తు అని ఇంకొకరు. ఏడాది నిండేసరికి వాడు నాలుగడుగులు వేసినట్టు నాకు గుర్తు. వేయలేదని మా చెల్లెలు కాత్యాయని అంటుంది. మూడో ఏట మాత్రం నడవలేదు, అందులో ఎవరికీ భేదాభిప్రాయం లేదు. ఆరో ఏట ఛాతీకి చెమ్మ పట్టి పోయాడు.

"చూశారా, రక్తం అబద్ధం చెప్పదు" అన్నారు పలకరించడానికి వచ్చినవాళ్ళు. కాఫీలో పంచదార సరిపోలేదని కూడా అన్నారు.

ఆ తర్వాతే నేను బొడ్డురక్త కేంద్రంలో వాక్యాలు రాసే ఉద్యోగంలో చేరాను. దగ్గర నుంచి చూస్తే తెలుస్తుందనుకున్నాను. దగ్గర నుంచి చూస్తే ఇంకా ఏమీ కనబడదని ఇప్పుడు తెలుస్తోంది.

మాఘం, రెండో గురువారం

పొద్దున్నే కిటికీలకి పట్టిన ఉప్పు గోకి, మంచినీళ్ళ పడవ దగ్గర వరసలో నిలబడి, రెండు డబ్బాలు పైకి మోసుకొచ్చాక ఆఫీసుకి బయల్దేరాను. సముద్రం పాత ఊరిని మింగి, మేమందరం ఈ స్తంభాల మీది కొత్తరేవుకి మారి ఇన్నేళ్ళయినా, నీళ్ళ వరసలో తోసుకోవడం మాత్రం ఎవరూ మరిచిపోలేదు. ఇవాళ నా ముందు దూరినావిడ చంకలో బిడ్డ. బిడ్డ నడుముకి తెల్ల దారం. "తెల్లదారం పిల్లండీ, ఎండలో నిలబెట్టకూడదు" అని నా ముందు నుంచే ముందుకి పోయింది. అందరూ దారి ఇచ్చారు. నేనూ ఇచ్చాను.

ఆఫీసులో నా పని చిన్నది. యంత్రం అంకెలు ఇస్తుంది, నేను వాటిని తెలుగు చేస్తాను. గుండె గట్టిది, పళ్ళు జాగ్రత్త, నలభై దాటాక తీపి తగ్గించాలి, ఇలాంటివి. వాక్యాన్ని బట్టి దారం రంగు. ఏ జబ్బూ కనబడకపోతే తెలుపు, కాస్త అనుమానముంటే పసుపు, పెద్దది కనబడితే నలుపు. మా చిన్నప్పుడు ప్రతి పిల్లకీ నల్ల మొలతాడే కట్టేవాళ్ళు, దిష్టి తగలకుండా. ఇప్పుడు నల్లదారం చూస్తే ఎదురింటి వాళ్ళు తలుపు వేసుకుంటారు. పసిపిల్లల నడుముకి తెల్లదారం ఎన్నాళ్ళు తెల్లగా ఉంటుంది? నెల తిరిగేసరికి తల్లులు దానికి నీలిమందు పెట్టి ఉతుకుతున్నారు. పంచాంగం చూసేవాళ్ళని వెక్కిరిస్తూ పెరిగిన చదువుకున్నవాళ్ళు వీళ్ళంతా.

మధ్యాహ్నం ఒక కొత్త తండ్రి వచ్చాడు.

"మేడమ్, మా వాడికి 'తుమ్ములు ఎక్కువ' అని రాశారు."

"యంత్రం అదే చెప్పిందండీ."

"కాదనను. కానీ మా అత్తగారి వైపు అందరూ లెక్చరర్లు. పదిమందిలో 'తుమ్ములు' అంటే ఏం బావుంటుంది? 'శ్వాస విషయంలో సున్నిత స్వభావం' అని రాస్తే?"

రాసిచ్చాను. వాడు రేపటి నుంచి తుమ్మినప్పుడల్లా ఇంట్లో వాళ్ళు గర్వపడతారు.

సాయంత్రం డైరెక్టర్ గోవర్ధన్ గారు అందరినీ పిలిచి మిఠాయి పంచారు. కిందటేడు మొదలుపెట్టిన 'పూర్ణ పఠనం' గొప్పగా ఫలిస్తోందట. మామూలు పఠనానికి చిన్న సీసా చాలు. పూర్ణ పఠనానికి సంచి కావాలి, దాని మీద ఎర్ర గీత దాకా నిండాలి. అంచేత బిడ్డ బయటపడగానే, ఇంకా ఏడవకముందే, బొడ్డుతాడుకి క్లిప్పు వేసి సంచిలోకి తీసుకుంటారు. ఆ సంచిని బట్టి యంత్రం వంద సంగతులు చెబుతుంది. అందులో ఒకటి, "ఆరో నెలలో రక్తం పలచబడవచ్చు." ఇంచుమించు అందరికీ అది వస్తోంది. ఇంచుమించు అందరిలో అది నిజమవుతోంది.

"ఇంత కచ్చితమైన జోస్యం లోకంలో ఇంకెక్కడా లేదు" అన్నారు ఆయన. ఆయన మణికట్టుకి తెల్లదారం ఉంటుంది. ఆయన పుట్టినప్పుడు ఈ యంత్రమే లేదు.

ఫాల్గుణం, మొదటి మంగళవారం

ఆరో నెల పరీక్షకి ఒక కవల జంటని తీసుకొచ్చారు. ఇద్దరూ ఆడపిల్లలే. పెద్దదానికి తెల్లదారం, చిన్నదానికి దారమే లేదు. ఎందుకని నర్సు సుగుణని అడిగాను.

"ఆ రోజు నేనే ఉన్నాను మేడమ్. పెద్దది పుట్టగానే క్లిప్పేసి సంచి నింపాను. దానికి మూత బిగిస్తున్నానా, ఇంతలో చిన్నది తోసుకొచ్చేసింది. చేతులు ఖాళీ లేక తల్లి పొట్ట మీద పడుకోబెట్టాను. రెండో సంచి విప్పేలోపు బొడ్డుతాడు తెల్లగా, మెత్తగా అయిపోయింది. పిండితే చుక్క రాలేదు."

"చుక్క ఎక్కడికి పోయింది?"

"ఎక్కడికి పోతుంది? పిల్లలోకే."

ఇద్దరి కింది కనురెప్పలూ లాగి చూశాను. పెద్దదాని రెప్ప లోపల గోడకి వేసిన సున్నంలా ఉంది. చిన్నదానిది దానిమ్మ గింజ. చిన్నది నా వేలు కొరికింది. పెద్దది చూస్తూ పడుకుంది.

"పెద్దదాని వాక్యం అక్షరాలా నిజమైందండీ" అంది వాళ్ళ అమ్మ సంతోషంగా. "రక్తం పలచబడుతుందన్నారు, పడింది. మందు కూడా ముందే తెచ్చిపెట్టుకున్నాం. బెంగంతా చిన్నదాని గురించే. దానికేం రాబోతోందో ఎవరికీ తెలియదు కదా."

అప్పుడే వెళ్ళి డైరెక్టర్ ముందు నిలబడ్డాను. బిడ్డ ఒంట్లోకి వెళ్ళాల్సిన రక్తాన్ని మనం సంచిలో పట్టుకుని, ఆ సంచి చూసి బిడ్డకి రక్తం తక్కువవుతుందని చెబుతున్నాం, అది నిజమయ్యేసరికి మిఠాయి పంచుకుంటున్నాం అన్నాను.

"మైథిలి గారూ, ఒక్క కవల జంటతో సైన్సు మారదు."

"సంచిలో ఉన్న రక్తం ఎవరిది సార్?"

"కేంద్రానిది" అన్నారు, ప్రశ్న అర్థం కానట్టు. "మీరు తెలుగు చక్కగా రాస్తారు. అంకెల సంగతి మాకు వదిలేయండి."

ఆయన మూర్ఖుడు. అయితే ఒక్క జంటతో ఏదీ తేలదన్న మాట మాత్రం తప్పు కాదు. చిన్నది పుట్టుకతోనే గట్టిదేమో. మూర్ఖుడి నోట సరైన మాట వినాల్సి రావడమంత చిరాకు ఇంకోటి ఉండదు.

ఫాల్గుణం, చివరి ఆదివారం

కాత్యాయని, వాళ్ళమ్మాయి ఇందీవర, ఇందీవర అత్తగారు సత్యవాణి గారు భోజనానికి వచ్చారు. ఇందీవరకి వచ్చే నెల పురుడు. అంటే ధీరజ్ అక్కకి పురుడు. ఈ మాట మా ఇంట్లో ఎవరూ పైకి అనరు.

"పూర్ణ పఠనమే చేయిద్దాం వదినగారూ" అంది సత్యవాణి గారు పప్పు కలుపుకుంటూ. "మా అబ్బాయిది తెల్లదారం. వాడికి ఇంతవరకు జలుబు చేయలేదు."

"పోయిన వారం చేసింది కదా అత్తయ్యా" అంది ఇందీవర.

"అది జలుబు కాదే. వాతావరణం."

కాత్యాయని నవ్వలేదు. "అక్కా, ఆ జబ్బుని ఇప్పుడు పూర్ణ పఠనంలోనే చదువుతున్నారట కదా. ఇప్పుడు దానికి మందు కూడా ఉందట."

ఉంది. మొదటి పుట్టినరోజు లోపల వెన్నులోకి ఎక్కించే మందు. జబ్బున్న బిడ్డకి కాళ్ళు నిలబెడుతుంది. జబ్బు లేని బిడ్డకి ఎక్కిస్తే ఆ మందే కాళ్ళు పడగొడుతుంది. పఠనంలో జబ్బు కనబడితే ఎక్కించి తీరాలని చట్టం. కాబట్టి పఠనం నిజమా కాదా అన్నది పిల్ల కాళ్ళ సంగతి. ఆ వాక్యం వచ్చిన పిల్లల్లో చాలామంది నిజంగానే నడవడంలేదని మా దగ్గర లెక్కలున్నాయి. వాళ్ళలో ఎందర్ని అసలు నేల మీద దింపారో చెప్పే లెక్క ఎక్కడా లేదు.

గిన్నెలు కడిగేటప్పుడు ఇందీవర నా పక్కకి వచ్చింది.

"పెద్దమ్మా, నువ్వు ఏం చెబితే అది చేస్తాను."

"చెప్పడానికి నాకు తెలియాలి కదే."

"నీకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? వాక్యాలు రాసేది నువ్వేగా."

కవలల సంగతి చెప్పాను. ఆమె తోముతున్న గిన్నె బోర్లించింది. "ముందు నా బిడ్డ రక్తం నా బిడ్డకి పోనీ. మిగిలిందేమన్నా ఉంటే చదువుకోమను" అంది.

చైత్రం, రెండో శుక్రవారం

తెల్లవారుతుండగా ఇందీవరకి ఆడపిల్ల పుట్టింది.

తల్లి కోరికకి కేంద్రంలో విలువ లేదని ముందే తెలుసు. సుగుణ క్లిప్పు చేత్తో పట్టుకునే ఉంది, డైరెక్టర్ ఆజ్ఞ. "ఆగమని చెప్పు పెద్దమ్మా" అంటోంది ఇందీవర, ఆ నొప్పుల్లో. నేను చెబితే ఆగరు. అయితే మా కేంద్రం గోడ మీద ఒక బోర్డు ఉంది, 'కుటుంబ ఆచారాలను గౌరవిస్తాము' అని. ముహూర్తం అంటే మా డైరెక్టర్ కూడా చేతులు కట్టుకుంటారు. కుటుంబాలు అలిగితే ఇంకో కేంద్రానికి పోతాయి మరి.

నేను అద్దం తలుపు కొంచెం తెరిచి, బయట నిలబడ్డ సత్యవాణి గారితో ఒకే మాట అన్నాను.

"బిడ్డ వచ్చేస్తోంది. ఇప్పుడు వర్జ్యం ఉందేమో చూశారా వదినగారూ?"

ఆవిడ మొహం మారిపోయింది. చేతిలోని ఫోనులో సిద్ధాంతిని పట్టుకుంది. నిజంగానే వర్జ్యం ఉంది. పొద్దున్న పూట ఎప్పుడూ ఏదో ఒకటి ఉండకుండా ఉండదు. అంతలో లోపల పాప బయటపడింది. "అది దాటేదాకా నా మనవరాలి బొడ్డు మీద ఎవరూ చెయ్యి వేయడానికి వీల్లేదు" అని ఆవిడ అద్దం మీద కొట్టింది. లోపల అందరూ ఆగిపోయారు. పెద్ద చదువులు చదివిన డాక్టర్ గడియారం చూసుకుంటూ నిలబడ్డాడు. "అవునండీ, వర్జ్యం మంచిది కాదు" అన్నాను నేను కూడా, నా జీవితంలో మొదటిసారి.

బిడ్డ తల్లి పొట్ట మీద ఉంది. బొడ్డుతాడు మొదట నీలంగా, లావుగా, లోపల ఏదో కొట్టుకుంటూ ఉంది. చూస్తుండగా కొట్టుకోవడం నెమ్మదించి, తాడు పాలిపోయి, నానిన నూలుపోగులా అయింది. బిడ్డ మాత్రం ఎర్రగా పొంగింది.

సుగుణ సంచి పెట్టింది. నాలుగో వంతు కూడా నిండలేదు. యంత్రం సగం గళ్ళు నింపి, మిగతా వాటి ఎదుట 'చదవదగినంత లేదు' అంది. ఖాళీగా మిగిలినవాటిలో కాళ్ళ జబ్బు గడి ఒకటి.

"ఇదేం కేంద్రం, వర్జ్యం దాటాక రక్తమే లేదంటారా" అని సత్యవాణి గారు డైరెక్టర్ మీద విరుచుకుపడింది. ఆయన తల వంచుకుని విన్నారు. చూడటానికి బావుంది. కానీ నన్ను నేను మెచ్చుకోలేకపోయాను. ఒక మూఢత్వాన్ని ఆపడానికి ఇంకో మూఢత్వాన్ని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చినదాన్ని నేనే కదా.

వైశాఖం, మొదటి బుధవారం

బారసాల. పిల్ల పేరు తరంగిణి. వాక్యం చదవడానికి మేనమామ లేడు. సగం గళ్ళు ఖాళీ అయితే కేంద్రం వాక్యం ఇవ్వదు, కాబట్టి చదవడానికి వాక్యమూ లేదు.

వచ్చినవాళ్ళకి ఏం చేయాలో తెలియలేదు. ఇదివరకు వాక్యం వినగానే "అబ్బ, గుండె గట్టిదట" అనో, "పాపం, పళ్ళట" అనో మాట అందుకునేవాళ్ళు. ఇప్పుడు ఉయ్యాల చుట్టూ నిలబడి, ముక్కు ఎవరి పోలిక అని అడగడానికి కూడా జంకుతున్నారు. ఒకావిడ నా చెవిలో, "ఎత్తుకోవచ్చునంటారా?" అంది. పిల్లని ఎత్తుకోవడానికి అనుమతి అడుగుతోంది. ఆవిడ కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతుంది.

సత్యవాణి గారు చీర కొంగులో దాచి తెచ్చిన తెల్లదారం బయటికి తీసింది.

"ఎవరు అడుగుతారే, కట్టేద్దాం."

"వద్దత్తయ్యా."

"పోనీ పసుపు?"

"ఏదీ వద్దు. ఒట్టి నడుముతో ఉండనీ."

కాత్యాయని లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. నేను వెనకాలే వెళ్ళాను. "నీ అనుమానాలన్నీ తెచ్చి నా మనవరాలి మీద పెట్టావు అక్కా" అంది, నా వైపు తిరగకుండా. పాయసం అడుగంటుతుంటే గరిటె తిప్పాను.

ఆశ్వయుజం, మూడో సోమవారం

తరంగిణికి ఆరో నెల పరీక్ష. రెప్ప లోపల దానిమ్మ గింజ. మా లెక్కలో పూర్ణ పఠనం జరగని పిల్లలు అతి తక్కువ. వాళ్ళెవరికీ రక్తం పలచబడలేదు. ఆ సంగతి రాసి డైరెక్టర్ ముందు పెట్టాను.

"వీళ్ళకి మనం ఏ జోస్యమూ చెప్పలేదు కదా" అన్నారు ఆయన. "కాబట్టి ఇది తప్పూ కాదు, ఒప్పూ కాదు. లెక్కలోకి రాదు."

వచ్చే ఏడు ఇంకా పెద్ద సంచి వస్తోందట.

సాయంత్రం ఇందీవర ఇంటికి వెళ్ళాను. తరంగిణి చాప మీద బోర్లా పడి, ముందుకి పోవాలని చూస్తూ వెనక్కి జరుగుతోంది. ఇందీవర చాప అవతల చెక్క గరిటె పెట్టి దాన్ని ఊరిస్తోంది.

"పెద్దమ్మా, నీకు ఒకటి చెప్పాలి. అమ్మకి చెప్పలేదు" అంది గరిటె కదిలిస్తూనే. "తమ్ముడు నడిచేవాడు."

నేను చాప అంచున కూర్చున్నాను.

"అమ్మ నిద్రపోయినప్పుడు మేడ మీదికి తీసుకెళ్ళేదాన్ని. రెండేళ్ళు దాటాయి వాడికి. నా వేళ్ళు పట్టుకుని నీళ్ళ ట్యాంకు చుట్టూ తిరిగేవాడు. ఎంత నవ్వేవాడో. తర్వాత ఒక రోజు నా వేళ్ళు వదిలేసి పడ్డాడు. మళ్ళీ నిలబెడితే నిలబడలేదు. రోజూ నిలబెట్టాను. నిలబడలేదు."

"దెబ్బ తగిలిందా?"

"మోకాలు చెక్కుకుపోయింది. అంతే అనుకున్నా. భయపడ్డాడేమో అనుకున్నా. జబ్బేమో అని కూడా అనుకున్నా. నాకు పదేళ్ళు పెద్దమ్మా, నాకేం తెలుస్తుంది?"

అన్నేళ్ళు నేను ఎదురుచూసిన జవాబు ఇదే అయ్యుండాలి. వాడు నడిచాడు. మరి ఎందుకు ఆగాడు? జబ్బు వచ్చి పడ్డాడా, పడి భయపడ్డాడా, భయపడ్డవాణ్ణి కిందికి తెచ్చి మళ్ళీ చంకలో వేసుకున్నామా? నా ప్రశ్న పోలేదు. మేడ ఎక్కి కూర్చుంది.

మార్గశిరం, మొదటి శనివారం

చలికి కిటికీల ఉప్పు గట్టిపడింది, చాకుతో గీకాల్సి వచ్చింది.

కాత్యాయని వచ్చింది. బారసాల తర్వాత మా ఇంటికి రావడం ఇదే మొదలు. కూర్చోకుండానే మాట్లాడింది.

"పిల్ల మోచేతి నరం నుంచి రక్తం తీసి కూడా చదవొచ్చటగా. ఇంకా నాలుగు నెలలు టైముంది. ఒకడిని పోగొట్టుకున్నాను అక్కా. రెండోసారి చూస్తూ కూర్చోమంటే నా వల్ల కాదు."

"కనబడితే మందు ఎక్కించక తప్పదు. లేని జబ్బుని ఉందని చదివితే?"

"ఉన్నదాన్ని చదవకపోతే?"

ఇద్దరం కలిసి ఇందీవర ఇంటికి వెళ్ళాం. తరంగిణి ఇప్పుడు మంచం పట్టె పట్టుకుని లేచి నిలబడుతోంది. ఎనిమిది నెలల పిల్ల. మోకాళ్ళు వణుకుతాయి, కూలబడుతుంది, మళ్ళీ లేస్తుంది. ప్రతిసారీ కూలబడినప్పుడు నేనూ కాత్యాయనీ ఒకరి మొహం ఒకరం చూసుకుంటున్నాం. పిల్లలందరూ కూలబడతారు. ధీరజ్ కూడా కూలబడ్డాడు.

ఇందీవర మాట మార్చలేదు. నేను ఏం చెబితే అదే చేస్తానంటోంది.

ఈ కేంద్రాన్ని నేను నమ్మను. వీళ్ళ యంత్రం ఎన్నిసార్లు నిజం చెప్పిందో, ఎన్నిసార్లు తను చెప్పిందాన్ని వీళ్ళ చేతులతోనే నిజం చేయించుకుందో, ఆ రెండింటినీ విడదీసి చూసినవాళ్ళు ఎవరూ లేరు. డైరెక్టర్‌ని, దారాలకి నీలిమందు పెట్టే తల్లుల్ని, తుమ్ములకి సంస్కృతం అడిగే తండ్రుల్ని చూసి నాకు కలిగే ఏవగింపు నిజం. కానీ ఆ ఏవగింపు తరంగిణి కాళ్ళ గురించి నాకు ఏమీ చెప్పడంలేదు. మూర్ఖుల చేతిలో ఉన్నంత మాత్రాన ఆ రక్తం చెప్పేది అబద్ధమైపోదు.

చదివించమని ఇందీవరకి చెప్పాలా, వద్దని చెప్పాలా? నాకు తెలియడంలేదు. ఇవాళ కూడా ఏమీ చెప్పకుండానే వచ్చేశాను.